రాకెట్టు కథ రాసేవారికి రిపోర్టులే గని



పది, తొమ్మిది, ఎనిమిది అంటూ అంకెలు వెనక్కి లెక్కపెట్టి రాకెట్టును పైకి పంపడం మనందరికీ తెలిసిన దృశ్యమే. దాన్ని లోకానికి మొదట చూపించింది ప్రయోగ కేంద్రం కాదు, సినిమా. 1929 అక్టోబరులో బెర్లిన్‌లో విడుదలైన ఆ జర్మన్ చిత్రం పేరు 'ఫ్రావ్ ఇమ్ మోండ్'. చంద్రుడి మీదికి వెళ్లిన ఒక బృందం కథ. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్. మూకీ చిత్రం కాబట్టి లెక్కపెట్టే గొంతు వినిపించదు. తెరమీద అక్షరాలు పడుతుంటాయి, అంకె తగ్గుతుంటుంది, చివర్న రాకెట్టు లేస్తుంది.

లాంగ్ ఈ సినిమా ఊహ మీద తీయలేదు. హెర్మన్ ఓబెర్త్ అనే ఆయన 1923లో గ్రహాల మధ్య ప్రయాణించే రాకెట్టు గురించి నిండా లెక్కలతో ఒక చిన్న పుస్తకం రాశాడు. లాంగ్ ఆయన్ని పిలిపించి సాంకేతిక సలహాదారుగా పెట్టుకున్నాడు. అందుకే ఆ చిత్రంలో రాకెట్టు ఒక్క ముక్కగా ఉండదు, దశలు దశలుగా విడిపోతుంది. షెడ్డులోంచి నిలువుగా నిలబెట్టి బయటికి తెస్తారు. వేగం పుంజుకునేటప్పుడు ఒంటి మీద పడే బరువును తట్టుకోవడానికి మనుషులు పడుకుని ఉంటారు. అపోలో చంద్రుణ్ణి చేరడానికి ఇంకా 40 ఏళ్లు ఉన్నప్పటి మాట ఇది.

పబ్లిసిటీ కోసం సినిమా విడుదల నాటికి నిజం రాకెట్టునే ఎగరేయాలనుకున్నారు. అది కుదరలేదు. ప్రయోగాల్లో పేలుడు జరిగి ఓబెర్త్ కంటికి గాయమైంది. ఆ తర్వాతి సంవత్సరం ఓబెర్త్ ఇంజన్ పరీక్షలకు సాయంగా వచ్చిన కుర్రాళ్లలో వెర్నర్ ఫాన్ బ్రౌన్ ఒకడు. 1942 అక్టోబరు 3న అతని బృందం తయారుచేసిన వి-2 రాకెట్టు మొదటిసారి విజయవంతంగా ఎగిరినప్పుడు, దాని అడుగు భాగాన ఈ సినిమా బొమ్మే వేసి ఉంది.

ఈ సంగతి ఫిల్మ్‌నగర్‌లో చెబితే నిర్మాతకు పబ్లిసిటీ ఐడియా నచ్చుతుంది. ఆర్ట్ డైరెక్టర్‌కు షెడ్డు సెట్టు నచ్చుతుంది. రచయితలు పట్టుకోవాల్సింది మాత్రం ఇంకొకటుంది. రాకెట్టు కథ చేతికి రాగానే ఆ దర్శకుడు చేసిన మొదటి పని, ఆ విషయం మీద అసలు పుస్తకం రాసిన మనిషిని వెతికి పట్టుకోవడం.

మన దగ్గర జూబ్లీహిల్స్ ఆఫీసుల్లో స్టోరీ సిట్టింగులు ఎలా నడుస్తాయో ఆ దారిన పోయేవాళ్లకు కూడా తెలుసు. టీలు వస్తాయి, పాత ఇంగ్లీషు సినిమాల ప్రస్తావన వస్తుంది, ఎవరో ఫోన్‌లో ఒక వీడియో చూపిస్తారు. 1991లో 'ఆదిత్య 369' వచ్చినప్పుడు కాలయంత్రం ఎలా పనిచేస్తుందని ఎవరూ నిలదీయలేదు, ఎందుకంటే కాలయంత్రాన్ని చూసినవాళ్లు లేరు. రాకెట్టు అలా కాదు. 2018 డిసెంబరులో సంకల్ప్ రెడ్డి తీసిన 'అంతరిక్షం' విడుదలైంది. ఆ సినిమా చూసినవాళ్లలో శ్రీహరికోటలో ఉద్యోగం చేసేవాళ్లు, వాళ్ల అన్నదమ్ములు, మేనల్లుళ్లు ఎంతమంది ఉండి ఉంటారో ఆలోచించండి. తెలుగు ప్రేక్షకుడికి రాకెట్టు ఇంటి పక్క విషయం.

ఇలాంటి సినిమాకు సెట్టుకు డబ్బు కావాలి, గ్రాఫిక్స్‌కు డబ్బు కావాలి. నిజాలకు మాత్రం పెద్దగా ఖర్చు లేదు. రాకెట్ల చరిత్ర, ఇంజన్ల లెక్కలు, ప్రమాదాల వివరాలు చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి. ఎక్కడ దొరుకుతాయో, ఏది ముందు చదవాలో తెలియాలి. ఈ రోజు నా ప్రసంగం దాని గురించే.

మన దగ్గరి నుంచే మొదలుపెడదాం. 1780లో ఈస్టిండియా కంపెనీకి చెందిన ఒక దళం కల్నల్ బెయిలీ నాయకత్వంలో గుంటూరు నుంచి దక్షిణానికి కదిలింది. కంపెనీ ప్రధాన సైన్యాన్ని కలుసుకోవాలని దాని ప్రయత్నం. కాంచీపురం దగ్గర పొల్లిలూరులో సెప్టెంబరు 10న హైదరాలీ, టిప్పు సేనలు దాన్ని చుట్టుముట్టాయి. మందుగుండు బండ్లు పేలిపోయాయి, దళం తుడిచిపెట్టుకుపోయింది. ఆ యుద్ధంలో మైసూరు వాళ్లు వాడిన ఆయుధాల్లో రాకెట్లున్నాయి. వాటి ప్రత్యేకత ఇనుప గొట్టం. మందు కాలినప్పుడు లోపల ఒత్తిడి పెరుగుతుంది. కాగితం గొట్టమో వెదురు బొంగో అయితే పగిలిపోతుంది. ఇనుము తట్టుకుంటుంది. తట్టుకున్నకొద్దీ వాయువు ఇంకా వేగంగా వెనక్కి దూసుకెళ్తుంది, రాకెట్టు ఇంకా దూరం పోతుంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ రాకెట్లు ఇంగ్లండు చేరాయి. విలియం కాంగ్రీవ్ వాటిని చూసి తన రాకెట్లు తయారుచేశాడు.

ఇదంతా నమ్మదగిన చోట చదవాలంటే ఎక్కడ? రొద్దం నరసింహ అనే ప్రఖ్యాత ఏరోనాటిక్స్ శాస్త్రవేత్త 1985లో మైసూరు, బ్రిటన్ రాకెట్ల మీద ఒక పత్రం రాశారు. బెంగళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లేబరేటరీ దాన్ని ప్రాజెక్టు డాక్యుమెంటుగా వెలువరించింది. రాసినాయన ఇంజనీరు కాబట్టి యుద్ధ వర్ణనతో సరిపెట్టలేదు. గొట్టం ఎంత, మందు ఎంత, ఎంత దూరం పోయి ఉంటుంది, బ్రిటన్ వాళ్లు ఏం నేర్చుకున్నారు అని లెక్కకట్టారు. కాగితాలే కాదు, వస్తువులూ సాక్ష్యం చెబుతాయి. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో ఒక పాత బావిని తవ్వితే ఇలాంటి ఇనుప రాకెట్లు వెయ్యి దాకా బయటపడ్డాయి.

కాంగ్రీవ్ తర్వాతి వందేళ్లు దాటేసి నేరుగా 1903కు వద్దాం. రష్యాలో కలూగా అనే ఊళ్లో త్సియోల్కోవ్‌స్కీ అనే బడిపంతులు ఉండేవాడు. చెవులు సరిగా వినిపించవు. రాకెట్టు ఎంత వేగం అందుకుంటుందన్నది రెండింటి మీద ఆధారపడుతుందని ఆయన ఆ ఏడాది అచ్చువేసిన వ్యాసంలో సమీకరణంతో సహా చూపించాడు. ఒకటి, వెనక్కి పోయే వాయువు వేగం. రెండు, మొత్తం బరువులో ఇంధనం వాటా. ఈ సమీకరణం ఎంత కఠినమైనదో మన పీఎస్ఎల్‌వీని చూస్తే తెలుస్తుంది. నేల మీద దాని బరువు 320 టన్నులు. 600 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యలోకి అది చేర్చగలిగేది 1,750 కిలోలు. మిగిలినదంతా దారిలో కాలిపోయేదో, విడిపోయి పడిపోయేదో.

అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ 1914లోనే రెండు పేటెంట్లు తీసుకున్నాడు. దశల రాకెట్టుకు ఒకటి, ద్రవ ఇంధన రాకెట్టుకు ఒకటి. 1926 మార్చి 16న బంధువుల పొలంలో పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌లతో మొదటి ద్రవ ఇంధన రాకెట్టును ఎగరేశాడు. అది గాల్లో ఉన్నది రెండున్నర సెకన్లు. లేచిన ఎత్తు 41 అడుగులు. పడింది క్యాబేజీ తోటలో. ఆ పేటెంట్లు ఇవాళ బొమ్మలతో సహా ఎవరైనా ఇంటర్నెట్‌లో తెరిచి చూసుకోవచ్చు. ఆర్ట్ డైరెక్టర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పేటెంటులో భాష ఎంత విసుగు పుట్టించినా, బొమ్మలో ప్రతి భాగానికీ ఒక అంకె ఉంటుంది, ఆ అంకె దేనికో కింద వివరం ఉంటుంది.

ఇక ఇంజన్ల దగ్గరికి వద్దాం. ఏ ఇంజన్ స్వభావం దానిది. అది తెలియకపోతే డైలాగే తప్పుతుంది.

ఘన ఇంధనం చూడండి. పీఎస్ఎల్‌వీ మొదటి దశలో సుమారు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అమ్మోనియం పెర్‌క్లోరేటు, అల్యూమినియం పొడి, వీటిని పట్టి ఉంచే హెచ్‌టీపీబీ అనే రబ్బరు పదార్థం కలిపి చిక్కటి ముద్ద చేస్తారు. దాన్ని ఉక్కు గొట్టాల్లో పోతపోసి వేడిలో ఉంచితే, పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరులా గట్టిపడుతుంది. ఒకే గొట్టం కాదు, ఐదు భాగాలు. ఆ ఉక్కు మారేజింగ్ స్టీలు, దాన్ని తయారుచేసే సంస్థ మన హైదరాబాద్ మిధాని. పోతపోసేటప్పుడు మధ్యలో ఒక రంధ్రం వదులుతారు. మంట ఆ రంధ్రం గోడలకు అంటుకుని బయటివైపు కాల్చుకుంటూ పోతుంది. గుండ్రటి రంధ్రమైతే కాలేకొద్దీ వైశాల్యం పెరిగి తోపుడు పెరుగుతూ పోతుంది. నక్షత్రం ఆకారమైతే మొదటినుంచీ తోపుడు దాదాపు ఒకే తీరుగా నిలుస్తుంది. అంటే ఏ సెకనులో ఎంత బలం రావాలన్నది పోతపోసిన రోజే నిర్ణయమైపోతుంది. ఒకసారి వెలిగించాక ఆపడం లేదు, తగ్గించడం లేదు. కాబట్టి పీఎస్ఎల్‌వీ నేల వదిలిన తర్వాత హీరో కంట్రోల్ రూములోకి పరుగెత్తుకొచ్చి ఇంజన్ ఆపేయండి అని అరిస్తే, శ్రీహరికోటలో పనిచేసినవాళ్లు హాల్లో నవ్వుకుంటారు.

ద్రవ ఇంధనానిది వేరే దారి. మన వికాస్ ఇంజన్‌లో ఇంధనం, ఆక్సీకరణి ఒకదానికొకటి తగిలితే చాలు, అగ్గి అక్కర్లేకుండా అంటుకుంటాయి. నమ్మకమైన ఇంజనే, కానీ రెండూ విషాలు. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమవడానికి కారణం రెండో దశ నియంత్రణ వ్యవస్థలోంచి ఇలాంటి ఆక్సీకరణి, నైట్రిక్ ఆమ్లం, కారిపోవడమే. ఒక వాల్వు సరిగా మూసుకోలేదు. ప్రధాన దశలన్నీ ఘన ఇంధనంతో నడిచే రాకెట్టును ముంచింది చిన్న నియంత్రణ వ్యవస్థలోని ద్రవం. మరుసటి ఏడాది జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

ఈ రెండూ కలిసినది హైబ్రిడ్. గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష 2021 జూలై 11న ఎక్కిన వర్జిన్ గెలాక్టిక్ వాహనానికి ఉన్నది అదే. రబ్బరు లాంటి ఘన ఇంధనం, నైట్రస్ ఆక్సైడు. దీన్ని ఘన ఇంధనంలా కాకుండా, ఆక్సీకరణి ప్రవాహం కట్టేసి ఆపవచ్చు.

అన్నిటికంటే సమర్థమైనది క్రయోజెనిక్. ద్రవ హైడ్రోజన్ సున్నాకు దిగువన 253 డిగ్రీలు, ద్రవ ఆక్సిజన్ 183 డిగ్రీలు. ఇంజన్ సామర్థ్యాన్ని సెకన్లలో కొలుస్తారు. శూన్యంలో పీఎస్ఎల్‌వీ మొదటి దశది 269, వికాస్‌ది 293, ఎల్‌వీఎం-3లో వాడే మన క్రయోజెనిక్ ఇంజన్‌ది 442. ఎక్కువ ఉంటే అంతే ఇంధనంతో ఎక్కువ పని. ఆ తేడా కోసమే ఇన్ని దేశాలు ఇన్నేళ్లు తల పగలగొట్టుకున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. రాకెట్టు సాహిత్యంలో కథకుడికి అన్నిటికంటే పనికొచ్చేది వైఫల్య నివేదిక.

2010 ఏప్రిల్ 15. మన సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో తొలి జీఎస్ఎల్‌వీ ప్రయోగం శ్రీహరికోట నుంచి జరిగింది. రాకెట్టు సముద్రంలో పడింది. ఇస్రో కమిటీ వేసి, తేలిన విషయాన్ని ప్రకటించింది. ఇంజన్ వెలిగింది. హైడ్రోజన్‌ను ప్రధాన పంపుకు అందించే చిన్న బూస్టర్ టర్బో పంపు మామూలుగానే మొదలై నిమిషానికి 34,800 చుట్ల వేగం అందుకుంది. అక్కణ్ణుంచి రెండు సెకన్లు గడవకముందే ఆగిపోయింది. సీలు దగ్గర పట్టేసుకుని రోటరు బిగుసుకుపోయి ఉండవచ్చు, లేదా టర్బైను కేసింగు పగిలి ఉండవచ్చు అని కమిటీ రెండు కారణాలు చెప్పింది.

ఒక్కసారి దీన్ని సీనుగా చూడండి. రెండు సెకన్లలోపు జరిగిన సంగతి అది. పగిలిన వస్తువు సముద్రం అడుగున ఉంది. చేతిలో ఉన్నది రాకెట్టు పంపిన అంకెల గ్రాఫు మాత్రమే. ఆ గ్రాఫును ముందు పెట్టుకుని, లోపల ఏ ముక్క ఏ ముక్కకు తగిలిందో తేల్చాలి. ఇంతకంటే మంచి డిటెక్టివ్ కథ ఏ సిట్టింగులో పుడుతుంది?

దీనికి సెకండాఫ్ కూడా ఉంది. 2013 ఆగస్టు 19న మళ్లీ ప్రయోగానికి సిద్ధం చేశారు. దేశమంతా చూస్తోంది. ఇంకా గంటా 14 నిమిషాలుందనగా రెండో దశలో ఇంధనం కారుతోందని కనిపెట్టి కౌంట్‌డౌన్ ఆపేశారు. రాకెట్టును వెనక్కి తీసుకెళ్లి, ఆ దశనే మార్చి, 2014 జనవరి 5న మళ్లీ పంపారు. ఈసారి క్రయోజెనిక్ ఇంజన్ చివరిదాకా కాలింది. సినిమాల్లో ధైర్యమంటే బటన్ నొక్కడం. ఇక్కడ ధైర్యం ఆపేయడంలో ఉంది.

అమెరికావాళ్ల దగ్గరా ఇలాంటిదే ఉంది. చంద్రుడి రాకెట్టు శాటర్న్-5 అడుగున ఐదు ఎఫ్-1 ఇంజన్లు. ఒక్కొక్కటి సుమారు 680 టన్నుల తోపుడు ఇస్తుంది. పరీక్షల్లో మంట దానంతటదే ఊగిసలాడి, క్షణంలో ఇంజన్‌ను ముక్కలు చేసేది. సిద్ధాంతం దారి చూపలేదు. చివరికి ఇంజనీర్లు మండుతున్న ఇంజన్ లోపల కావాలని చిన్న బాంబు పేల్చి, మంట చెదిరాక ఎంతసేపటికి కుదుటపడుతుందో కొలిచారు. ఇంధనం చిమ్మే పళ్లేనికి అడ్డు పలకలు పెట్టి, రంధ్రాల కోణాలు మార్చి, వందలసార్లు పరీక్షించి దారికి తెచ్చారు. ఈ కథంతా నాసా 1980లో వేసిన 'స్టేజెస్ టు శాటర్న్' పుస్తకంలో ఉంది. అది ఉచితం.

సరే, వెతికేవాళ్లకు ఒక వరస చెబుతాను.

ముందు కథగా చెప్పే పుస్తకం చదవండి. కలాం గారి 'వింగ్స్ ఆఫ్ ఫైర్' 1999లో అచ్చయింది మన హైదరాబాద్ యూనివర్సిటీస్ ప్రెస్ నుంచే. 'ఒక విజేత ఆత్మకథ' పేరుతో వాడ్రేవు చినవీరభద్రుడు గారు తెలుగు చేశారు. అదే ప్రెస్ పి.వి.మనోరంజన్ రావు, పి.రాధాకృష్ణన్ రాసిన 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ రాకెట్రీ ఇన్ ఇస్రో' వేసింది. ఇందులో ఏ ఇంజన్ ఎప్పుడు, ఎందుకు, ఎలా తయారైందో లోపలివాళ్లు చెప్పారు. ఇంధనాల కథ కావాలంటే జాన్ క్లార్క్ అనే రసాయన శాస్త్రవేత్త 1972లో రాసిన 'ఇగ్నిషన్' ఉంది. ప్రయోగశాలలో ఏది ఎలా పేలిందో ఆయన హాస్యంగా చెబుతుంటే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

తర్వాత పాఠ్యపుస్తకం. జార్జి సటన్ రాసిన 'రాకెట్ ప్రొపల్షన్ ఎలిమెంట్స్' మొదటిసారి 1949లో వచ్చింది. ఇప్పటికీ కొత్త ముద్రణలు వస్తూనే ఉన్నాయి. కథకులు సమీకరణాలు వదిలేసి బొమ్మలు, పట్టికలు చూసినా చాలు. పాత ముద్రణ తక్కువ ధరకు కావాలంటే ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, కోఠీ పాత పుస్తకాల దుకాణాల్లో అదృష్టం పరీక్షించుకోవచ్చు.

ఆ పైన రిపోర్టులు. నాసా టెక్నికల్ రిపోర్ట్స్ సర్వర్‌లో దశాబ్దాల నివేదికలు ఉచితంగా ఉన్నాయి. అక్కడ రాకెట్ ఇంజన్ అని కొడితే వేలు వచ్చిపడతాయి, దారి తెలియదు. నంబరుతో వెతకండి. ఎస్‌పీ-125 అని కొడితే హుజెల్, హువాంగ్ రాసిన ద్రవ ఇంజన్ డిజైన్ పుస్తకం వస్తుంది. ఆ హుజెల్ ఒకప్పుడు వి-2 బృందంలో పనిచేసినవాడే. ఎస్‌పీ-8000 వరసలో పంపులకు ఒకటి, నాజిళ్లకు ఒకటి, ఇలా భాగానికో పుస్తకం ఉంది. మంచి రిపోర్టు ఒకటి దొరికితే, దాని చివర ఉన్న ఆధారాల జాబితాలోంచి వెనక్కి వెళ్లండి. రెండు మెట్లు దిగితే అసలు ప్రయోగం చేసినవాడి కాగితమే చేతికొస్తుంది.

మన దేశానివి కావాలంటే ఇస్రో ప్రతి ప్రయోగానికీ విడుదల చేసే బ్రోచర్లు చూడండి. దశలవారీ బరువులు, సెకనుల లెక్కన ఏ క్షణాన ఏం జరగాలో పట్టికలు ఉంటాయి. కంట్రోల్ రూము సీనుకు అదే స్క్రీన్‌ప్లే. రక్షణ శాఖ వెలువరించే 'డిఫెన్స్ సైన్స్ జర్నల్' అందరికీ తెరిచే ఉంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధగంగ ఉంది. కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారయ్యే చోటి కాగితాలు మాత్రం బయటికి రావు, రాకూడదు కూడా. కథకు అవి అక్కర్లేదు.

చివరగా మనుషులు. హైదరాబాద్ ఈ విషయంలో అదృష్టవంతురాలు. మిధాని, డీఆర్‌డీఎల్ లాంటి సంస్థల్లో జీవితమంతా పనిచేసి రిటైరైన ఇంజనీర్లు ఈ నగరంలో ఎందరో. ఇప్పుడు కొత్త తరమూ వచ్చింది. పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో ఇక్కడే స్కైరూట్ పెట్టారు. 2022 నవంబరు 18న వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తు చేరింది. మన దేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసి పంపిన తొలి రాకెట్టు అదే. ఇలాంటివాళ్ల దగ్గరికి ఖాళీ చేతుల్తో వెళ్లి రాకెట్టు ఎలా పనిచేస్తుందండీ అని అడిగితే పది నిమిషాల్లో టీ ఇచ్చి పంపేస్తారు. రిపోర్టు చదివి వెళ్లి, సీలు దగ్గర రోటరు ఎందుకు పట్టేసుకుంటుందండీ అని అడగండి. సాయంత్రం దాకా కూర్చోబెట్టి చెబుతారు.

రాకెట్టు కథ అనుకోగానే మనవాళ్లు ముందు విలన్ కోసం వెతుకుతారు. పొరుగు దేశపు గూఢచారి, ఇంటిదొంగ, కుట్ర. చరిత్ర తిరగేస్తే రాకెట్లను ముంచినవి, ఆపినవి సరిగా మూసుకోని వాల్వు, బిగుసుకుపోయిన పంపు, కారుతున్న ట్యాంకు. వాటిని ఎదిరించినవాళ్లు తప్పు ఎక్కడ జరిగిందో దాచకుండా రాసిపెట్టారు. తర్వాతివాళ్లు అది చదివి అదే తప్పు మళ్లీ చేయలేదు. రాకెట్ల చరిత్ర ముందుకు నడిచిన తీరు ఇదే. రాకెట్టు కథ పట్టుకుని తిరిగే రచయితలకు, కుర్ర అసిస్టెంట్ డైరెక్టర్లకు నా సలహా ఒక్కటే. నేరేషన్‌కు వెళ్లేముందు ఒక్క వైఫల్య నివేదిక మొదటినుంచి చివరిదాకా చదవండి. మీ కథలో సగం సీన్లు అక్కడే దొరుకుతాయి, మిగతా సగంలో ఏవి తీసేయాలో కూడా అదే చెబుతుంది.